కరియ తినని ముద్ద

బెళుగుప్ప,
12-11-2002

తమ్ముడు ఈరప్పకు,

అక్క రాసేది. ఇక్కడ వాన తప్ప అన్నీ ఉన్నాయి. నువ్వు తాడిపత్రిలో బండల పాలిషు ఫ్యాక్టరీలో చేరావని లారీ కేశవ చెబితే తెలిసింది. ఆ మాట నువ్వే ఒక కార్డు ముక్క మీద రాసి ఉంటే నీ చెయ్యేమీ అరిగిపోయేది కాదు.

ఎందుకంత హడావుడిగా వెళ్లావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రోజు నేను అంగన్‌వాడీలో పిల్లలకు అన్నాలు పెట్టి ఇంటికొచ్చేసరికి, నువ్వు మన కుక్క వెనక కాలికి గుడ్డ చుట్టి కూర్చున్నావు. "వంక గట్టున తోడేలు కరిసిందక్కా. కరియ అడ్డం పడకపోతే మందలో నాలుగు గొర్రెలు పోయుండేవి" అన్నావు. మర్నాడు మీ బావ సంత నుంచి తిరిగి వచ్చేలోగా బస్సెక్కావు. పదేళ్లు గొర్రెలు కాచినవాడు ఒక్క తోడేలుకు బెదిరి బండలు కొయ్యడానికి పోయినాడా అని మీ బావ నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

కరియ సంగతి చెబుతాను. వాడిప్పుడు పెద్దమనిషి అయిపోయాడు. తోడేలుతో పోరాడిన కుక్క అని ఊళ్లోవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. పక్కింటి నల్లమ్మ రోజూ పొద్దున్నే వాడి నుదుట కుంకుమ పెట్టి దండం పెడుతోంది. ఇన్నాళ్లూ ఇంట్లో మనం అన్నం తిన్న తట్టల్లో మిగిలిందే కదా వాడికి వేసేవాళ్లం. ప్రాణం అడ్డం పెట్టిన జీవానికి ఎంగిలి ఎలా పెట్టను? ఇంటి దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట కరియకు ఎంగిలి పెట్టను. వాడికని వేరే గిన్నె, వేరే ముద్ద, ఒక గుడ్డు, కాసిన్ని పాలు. ఎవరి చెయ్యీ నోరూ తగలకముందే తీసి పక్కన పెడుతున్నాను.

ఇక్కడే వచ్చింది తంటా. చారల పిల్లి ఒకటి మా ఇంటిని పట్టుకుంది. కుడి చెవి సగం లేదు, తెగిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. మూత పెట్టినా, గిన్నె బోర్లించినా, రాయి బరువు పెట్టినా కరియ తిండి దాని కడుపులోకే పోతోంది. కొండ మీద ఎన్నో జంతువుల నుంచి నీ సద్ది కాపాడుకున్నవాడివి, ఏదైనా ఉపాయం చెప్పు.

అక్క,
లక్ష్మక్క

*

తాడిపత్రి,
25-11-2002

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లు లేచాను. ఇక్కడ రంపం తిరిగినంతసేపూ దాని మీద నీళ్లు పోస్తూ ఉండాలి. నాకు ఒకచోట నిలబడే పని పడడం లేదు. మొదటి ఫ్యాక్టరీ వదిలేసి రెండోదాంట్లో చేరాను. ఇదీ ఎన్నాళ్లో తెలియదు.

పిల్లికి ఉట్టి కట్టు. దూలానికి నడిమధ్యన వేలాడదీయి, గోడకు దగ్గరగా వద్దు. తాడుకు వేపనూనె పూయి.

ఇంకో మాట. కరియకు ఆ కుంకుమలూ దండాలూ వద్దక్కా. వాడు కుక్క. కుక్కను చూసినట్టే చూడు. నల్లమ్మకు కూడా చెప్పు. వింటుంటే నాకేదోలా ఉంది.

పిల్లిని తరుము, అరువు, ఏమైనా చెయ్. కానీ దాని మీదికి ఏ వస్తువూ విసరొద్దు. కట్టె గానీ రాయి గానీ ఏదీ వద్దు. ఇది మాత్రం మర్చిపోకు.

కరియ కాలు నేల మీద పెడుతున్నాడా? పుండు ఎంత మానింది? వెంటనే రాయి.

నీ తమ్ముడు,
ఈరప్ప

*

బెళుగుప్ప,
5-1-2003

ఈరప్పకు,

నీ ఉట్టి కథ విను. నువ్వు చెప్పినట్టే దూలానికి నడిమధ్యన కట్టాను. తాడుకు నూనె కూడా పూశాను. మొదటి రోజు ఆ పిల్లి కింద కూర్చుని గంటసేపు పైకి చూసింది. రెండో రోజు తలుపు మీదికెక్కి అక్కణ్ణించి దూకింది. ఉట్టి ఊగి గోడకు కొట్టుకుని, కుండ పగిలి, పాలు నా నెత్తి మీద పడ్డాయి. వేపనూనె కలిసిన పాలు ఎలా ఉంటాయో నీకు తెలియదు, నాకు తెలుసు. మీ బావ మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

తర్వాత నల్లమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఏరు దాటిస్తే పిల్లికి తోవ తెలీదు లక్ష్మక్కా, ఇంక ఈ తట్టు రాదు. మా అవ్వ గూడా అట్లనే చేసింది" అని. ఇద్దరం కలిసి పిల్లిని గోనెసంచిలో వేసి బస్సెక్కాం.

"ఏముండాదమ్మా సంచిలో?" అన్నాడు కండక్టరు.

"కోడి" అంది నల్లమ్మ.

అప్పుడే లోపలినుంచి అది గొంతెత్తింది. కండక్టరు నల్లమ్మ ముఖంలోకి చూసి, "ఏమమ్మా, మీ ఊర్లో కోళ్లు ఇట్లా కూస్తాయా?" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. దిగి ఏట్లో నడిచాం. నీళ్లు ఎక్కడివి? చెప్పులు కూరుకుపోయేంత ఇసుక. అవతలి గట్టున సంచి విప్పి వదిలి వచ్చాం. నాలుగో రోజు పొద్దున అది మా గడపలో కూర్చుని కాళ్లు నాక్కుంటోంది. వచ్చిన ఇసుక మీదుగానే తిరిగి వచ్చింది. "నీళ్లు లేని ఏరు ఏరెట్లయితాది? ఈ కరువులో పిల్లులకు గూడా బాగా తెలివి వచ్చింది" అంది నల్లమ్మ. తప్పు తనదని మాత్రం ఒప్పుకోలేదు.

నవ్వు సరే, ఇప్పుడు భయపడే సంగతి. ఈడ గడ్డి అయిపోయిందని మీ బావ మందను కణేకల్లు కాలవ కిందికి తోలుకుపోయాడు. కరియ కుంటుతున్నాడు కాబట్టి నా దగ్గరే వదిలాడు. మీ బావ ఉన్నన్నాళ్లూ నా ఒట్టును లెక్కచెయ్యకుండా తన తట్టలోంచి ఇంత వేస్తూ ఉండేవాడు. నేను పోట్లాడేదాన్ని. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు, వాడికి శుభ్రంగా పెడుతున్నాను. అయినా వాడు చిక్కిపోతున్నాడు. ఆ పిల్లి తినేస్తుంటే వాడికేం మిగులుతుంది?

పశువుల ఆసుపత్రి కాంపౌండరు హనుమంతరాయుడు వచ్చి సూది వేశాడు. పుండు మానుతోందని చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అది తర్వాత రాస్తాను.

లక్ష్మక్క

*

తాడిపత్రి,
20-1-2003

అక్కకు,

కాంపౌండరు అన్న ఆ ఇంకో మాట ఏమిటి? అలా సగం రాసి వదిలేస్తే ఇక్కడ నేనెలా ఉండాలి? పనిలో చెయ్యి నిలవడం లేదు. మూడో ఫ్యాక్టరీకి మారాను.

ఉట్టి వద్దు, ఏరూ వద్దు. దానికి తగ్గ పెట్టె నేను పంపిస్తున్నాను. వారం రోజులు పని అయ్యాక కూర్చుని చేశాను. పగిలిన నల్లబండలు అడిగి తీసుకుని, నాలుగు పక్కలకూ కోసి, అడుగున ఒకటి వేసి సిమెంటుతో అతికించాను. పైన మూత పక్కకు జరిగేలా గాడి తీశాను. పైకెత్తితే రాదు, రెండు చేతులతో తోయాలి. లోపల చల్లగా ఉంటుంది, పాలు విరగవు. పిల్లి కాదు, పిల్లి తాత వచ్చినా మూత కదలదు. మేస్త్రీ చూసి, "ఏమప్పా, ఎవురికి ఇది, దేవునికా?" అన్నాడు. కుక్క తిండికని చెప్పలేదు. కేశవ లారీలో వస్తుంది, దించేటప్పుడు జాగ్రత్త.

కరియకు ఏమీ కాకూడదు అక్కా. వాడు నాకోసం ఎంత చేశాడు! ఆ రోజు కొండ కింద రెండు తోడేళ్లు ఒక్కసారిగా మీద పడితే కూడా వెనక్కి తగ్గలేదు. వాడు నడిస్తే చాలు. ముందులా పరిగెత్తకపోయినా ఫరవాలేదు.

నా చెప్పుల జత పాతది ఒకటి అక్కడ ఉండాలి. పారేశావా? వాడు వాటి మీద తల పెట్టుకుని పడుకునేవాడు.

ఈరప్ప

*

బెళుగుప్ప,
6-2-2003

ఈరప్పకు,

పెట్టె వచ్చింది. దించడానికి ముగ్గురు మగవాళ్లు పట్టారు. నీ పని చూసి ఊరు మెచ్చుకుంది, నేనూ మురిసిపోయాను. పిల్లి మూడు రోజులు దాని చుట్టూ తిరిగింది, గోళ్లతో గీకింది, ఓడిపోయింది. ఇప్పుడు చల్లగా ఉందని ఆ మూత మీదే పడుకుంటోంది. దాన్ని తోసి, మూత జరిపి, నేను తిండి తీసుకోవాల్సి వస్తోంది.

కానీ పెట్టె వచ్చాకే అసలు సంగతి నా కంటపడింది. ఇన్నాళ్లూ గిన్నె పెట్టేసి అంగన్‌వాడీకి పరిగెత్తేదాన్ని, వచ్చి చూస్తే ఖాళీ గిన్నె. ఈ ఆదివారం కదలకుండా కూర్చుని చూశాను. పెట్టెలోంచి ముద్ద తీసి, గుడ్డు చిదిపి, పాలు పోసి కరియ ముందర పెట్టాను. వాడు తినలేదు. గిన్నె ముందర చక్కగా కూర్చుని నా ముఖం చూశాడు. నోట్లోంచి చొంగ కారుతోంది, అయినా మూతి వంచలేదు. నేను "తినరా" అన్నాను, బతిమాలాను, తిట్టాను. ఇంతలో పిల్లి నింపాదిగా వచ్చి వాడి మూతి కిందే నిలబడి మొత్తం తింది. వాడు గుర్రుమని కూడా అనలేదు. మళ్లీ నా ముఖమే చూశాడు.

అంటే పిల్లి వాడి నోటి దగ్గరిది దొంగిలించడం లేదు ఈరప్పా. వాడు తినక వదిలేసినదాన్ని తింటోంది. ఉట్టీ, ఏరూ, రాతిపెట్టే, ఇవన్నీ మనం దేనికి చేసినట్టు?

మొన్న అంగన్‌వాడీ బయట ఒక బిడ్డ సగం తిని పారేసిన అన్నం మాత్రం వాడు ఆబగా తిన్నాడు. గుడ్డు వద్దట, ఎంగిలి మెతుకులు కావాలట. నా ఒట్టు తెలిసి నన్ను ఏడిపించడానికే చేస్తున్నాడా అనిపించింది. పక్కటెముకలు బయటపడ్డాయి. లేచి నిలబడితే తూలుతున్నాడు. "ఇట్లనే ఉంటే ఇంగ పది దినాలు గూడా కష్టమమ్మా" అన్నాడు హనుమంతరాయుడు. నాకు చేతులు ఆడడం లేదు.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. నాతో ఆ రోజు వంక గట్టున ఒక తోడేలు అన్నావు. ఇప్పుడు ఉత్తరంలో కొండ కింద రెండు తోడేళ్లు అని రాశావు. ఏం జరిగిందిరా?

లక్ష్మక్క

*

తాడిపత్రి,
8-2-2003

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, కేశవ చేతికే ఇస్తున్నాను. చదివిన వెంటనే ఇలా చెయ్. మిగతాది తర్వాత చదువుకో.

గిన్నెలో ముద్ద పెట్టుకుని కరియ ముందర నేల మీద కూర్చో. అదే గిన్నెలోంచి ఒక పిడచ నువ్వు తిను. వాడు చూస్తుండగా నమిలి మింగు. తర్వాత వాడి తలమీద చెయ్యి పెట్టి "నాదయింది, ఇంక నీదప్పా" అను. మాట మార్చకుండా ఇలాగే అను. అప్పుడు తింటాడు.

నేర్పింది నేనే. మన పాత కుక్క ఎలా చచ్చిపోయిందో గుర్తుంది కదా. ఎవరో అడవి పందులకని చేను గట్టున మందు కలిపి పెట్టిన ముద్ద తిని నా కళ్ల ముందే కొట్టుకుని పోయింది. అందుకే కరియను పిల్లప్పటినుంచీ అలా అలవాటు చేశాను. మనిషి నోరు తగలని తిండి వాడు ముట్టడు. కొండ మీద ముందర నేను, తర్వాత వాడు. ఇంట్లో మీ తట్టల్లో మిగిలింది ఎవరి మాటా అక్కర్లేకుండా తినేవాడు, మీ నోటి వాసన ఉంటుంది కాబట్టి. నువ్వు ఎంగిలి పెట్టనని రాసినప్పుడే నాకు తట్టాల్సింది. నా తప్పు కప్పుకునే తొందరలో ఆ ముక్క మీద నా కన్ను నిలవలేదు.

తప్పు ఏమిటంటే, తోడేలు లేదు. ఒకటీ లేదు, రెండూ లేవు.

ఆ మధ్యాహ్నం ఇంటి వెనక దొడ్లో నేనూ కరియా అన్నానికి కూర్చున్నాం. నేను నా పిడచ తిని, మాట చెప్పాను. వాడు మూతి వంచాడు. ఆ పిల్లి ఎక్కణ్ణించి వచ్చిందో, గిన్నెలో ఉన్న చేపముక్క లాగింది. అంతకుముందు రోజు కూడా అలాగే లాక్కెళ్లింది. పక్కన కొమ్మలు నరికే మచ్చుకత్తి ఉంది. కోపంలో తీసి విసిరాను. పిల్లి చెవి తెగింది. కత్తి అక్కడితో ఆగకుండా పోయి కరియ కాలికి తగిలింది. వాడు అరవలేదు అక్కా. వచ్చి నా ఒళ్లో తల పెట్టాడు. నేను కొట్టానని వాడికి తెలియలేదో, తెలిసి కూడా నా దగ్గరికే వచ్చాడో.

నీకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. తోడేలు అన్నాను. మర్నాడు బావకూ ఊరికీ మళ్లీ అదే అబద్ధం చెప్పలేక పారిపోయి వచ్చాను.

నేను మాట చెప్పాకే, వాడు తినబోతుంటేనే కత్తి పడింది. ఇప్పుడు ఆ మాట వింటే వాడు బెదురుతాడేమో. అయినా చెప్పు. వేరే దారి నాకు తెలియదు.

ఈరప్ప

*

బెళుగుప్ప,
16-2-2003

ఈరప్పకు,

కేశవ ఉత్తరం ఇచ్చి లారీ ఎక్కేలోగానే నేను గిన్నెతో దొడ్లో కూర్చున్నాను. దేవుడి ముందు పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది, లెంపలు వేసుకున్నాను. కుక్క గిన్నెలోంచి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. గోడ మీదినుంచి నల్లమ్మ చూసి, "ఏమయింది లక్ష్మక్కా నీకు, మతి గానీ పోయిందా?" అని కేక పెట్టింది. కరియ తలమీద చెయ్యి పెట్టి నువ్వు రాసిన మాట చెప్పాను.

వాడు నన్ను చూశాడు. గిన్నెను చూశాడు. చెవులు వెనక్కి పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి, కుడివైపూ ఎడమవైపూ చూశాడు. కత్తి ఎటునుంచి వస్తుందోనని చూశాడని ఇప్పుడు నీ ఉత్తరం పూర్తిగా చదివాక తెలుస్తోంది. తర్వాత ముందుకొచ్చి తిన్నాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఎనిమిది రోజులుగా ఇలాగే జరుగుతోంది. బతుకుతాడని హనుమంతరాయుడు చెప్పాడు. కానీ ఒకటుంది. రోజూ సగమే తింటాడు. సగం కాగానే ఆపి గడప వైపు చూస్తాడు. నీ పాత చెప్పులు అక్కడే ఉన్నాయి, నేను పారెయ్యలేదు. మిగతా సగం పిల్లి తింటుంది. దాన్ని నేను అదిలించడం లేదు, దానికి మాత్రం ఏం తక్కువ అన్యాయం జరిగింది?

ఇప్పుడు నా మాట విను. కత్తి సంగతి నాకు జనవరిలోనే తెలుసు. హనుమంతరాయుడు అన్న ఆ ఇంకో మాట అదే. "ఇది పంటి గాటు కాదమ్మా, ఇనుముతో తెగిన గాటు. ఎవురు కొట్టినారు?" అన్నాడు. పిల్లి చెవి చూశాను, దొడ్లో మచ్చుకత్తికి అంటిన కరియ నల్లవెంట్రుకలు చూశాను. అడగలేదు. నీ నోటితోనే వినాలని పట్టుపట్టాను. ఆ రోజే అడిగి ఉంటే వాడు ఇన్ని రోజులు ఆకలితో నా ముఖం చూస్తూ కూర్చునేవాడు కాదు. ఆ తప్పు నాది, మోస్తాను.

నీది మాత్రం నేను మొయ్యను. కోపం వచ్చింది, చెయ్యి జారింది, ఎవరికైనా జరుగుతుంది. దానికి నేను నిన్ను ఒక పూట తిట్టి ఊరుకునేదాన్ని. కానీ నీ అబద్ధాన్ని నమ్మి నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు కరియ కడుపు మాడ్చింది. కొట్టింది ఒక్కసారి, మాడ్చింది నెలన్నర. నాకు కోపంగా ఉందిరా. చాలా కోపంగా ఉంది.

నల్లమ్మకు నిజం చెప్పేశాను. "అయితే ఇన్ని దినాలు ఉత్త కుక్కకా నేను దండం పెట్టింది?" అని కాసేపు అలిగింది. తర్వాత, "పోనీలే, కొట్టినోని ఒళ్లోనే తల పెట్టింది గదా, తోడేలును గెలిచేదానికన్నా అదే పెద్దది" అని మళ్లీ కుంకుమ తెచ్చింది.

ఇక రాతిపెట్టెలు పంపొద్దు. నువ్వు రా.

లక్ష్మక్క

*

తాడిపత్రి,
19-2-2003

అక్కా,

పని మానేశాను. మేస్త్రీ, "నాలుగోదానికి పోతాండావా?" అన్నాడు. ఇంటికని చెప్పాను.

శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఆ మచ్చుకత్తి నల్లమ్మకు ఇచ్చెయ్. వాడు దాన్ని మళ్లీ నా చేతిలో చూడకూడదు. పిల్లికి వేరే గిన్నె పెట్టు, దాని వాటా దానికి ముందే వేసెయ్.

ఆ పొద్దున కరియకు నువ్వేమీ పెట్టొద్దు. గిన్నెలో ముద్ద వేసి దొడ్లో ఉంచు. మొదటి పిడచ నేను తిని మాట చెబుతాను. తలమీద చెయ్యి పెట్టే ధైర్యం నాకింకా లేదు, రెండు చేతులూ వాడికి కనబడేలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. తినేదీ తిననిదీ వాడి ఇష్టం. వాడు తినకపోతే నేనూ రెండో పిడచ ముట్టను.

ఈరప్ప